నీళ్ళు పోసి సాగనంపే ఊరు

ఇస్తాంబుల్‌ను వదిలి రావడానికి మే నెల అంత కష్టమైన నెల మరొకటి ఉండదు. ఏప్రిల్ చివర్లో బోస్ఫరస్ జలసంధి గట్ల మీద ఎర్గువాన్ చెట్లు పూస్తాయి. ఇంకా ఆకు కూడా సరిగా తొడగని కొమ్మలకు, ఒక్కోచోట మోడుబారిన మానుకు కూడా, గులాబీ కలిసిన ఊదారంగు పువ్వులు గుత్తులు గుత్తులుగా విచ్చుకుంటాయి. ఒకప్పటి బైజాంటియం చక్రవర్తుల వస్త్రాల రంగు ఇదేనని అక్కడివాళ్ళు చెబుతారు. ఆ వైభవమంతా రెండు మూడు వారాలే. మే నడిమికి గట్ల మీద పచ్చదనం మాత్రం మిగులుతుంది, ఊదారంగు నీళ్ళలోకి రాలిపోతుంది. సరిగ్గా ఆ పూలు రాలే రోజుల్లోనే నా ప్రయాణం పడింది.

హైదరాబాద్‌లోని ఒక మందుల కంపెనీ తరఫున వెళ్ళి, ఆ ఊళ్ళో కొన్నేళ్ళు కాపురం పెట్టినట్టే బతికాను. నేను ఉన్నది కాదికోయ్‌లో, ఆసియా ఒడ్డున. చూడ్డానికి వచ్చేవాళ్ళు సాధారణంగా ఇటు రారు. వాళ్ళకు కావలసిన గుమ్మటాలు, కోటలు, బజార్లు అన్నీ అవతలి గట్టునే ఉన్నాయి. క్రీస్తుకు దాదాపు ఏడు వందల ఏళ్ళ ముందు గ్రీకులు వచ్చి మొదట ఊరు కట్టుకున్నది మాత్రం ఇక్కడే. ఆ తర్వాత కొన్నేళ్ళకు గానీ అవతల బైజాంటియం వెలవలేదు. ఎదురుగా అంత మంచి రేవును పెట్టుకుని ఇక్కడ దిగినవాళ్ళు గుడ్డివాళ్ళై ఉండాలని ఒక పర్షియన్ సేనాని అన్నాడట. హెరొడోటస్ రాసిపెట్టాడు. అప్పటినుంచీ కాదికోయ్‌కు గుడ్డివాళ్ళ ఊరనే పేరు.

ఆ సేనాని సాయంకాలం పూట ఈ గట్టున ఎన్నడూ కూర్చోలేదని నా నమ్మకం. మోదా దగ్గర రాళ్ళ మీద కూర్చుంటే, అయాసోఫియా, సుల్తాన్ అహ్మద్ మసీదు ఆరు మినార్లు, తోప్‌కాపి భవనం పొగగొట్టాలు, అన్నీ ఒకే వరుసలో నల్లగా నిలబడి ఉంటాయి. వాటి వెనకాల సూర్యుడు దిగుతాడు. కుర్రాళ్ళు పొద్దుతిరుగుడు గింజలు ఒలుచుకుంటూ, ముసలివాళ్ళు ఫ్లాస్కుల్లోంచి టీ పోసుకుంటూ, ఎవరూ పెద్దగా మాట్లాడుకోకుండా చూస్తూ ఉంటారు. ఆ అవతలి ఊళ్ళో ఉన్నవాళ్ళకు తమ ఊరు ఇలా కనబడే అదృష్టం లేదు. చూడాలంటే వాళ్ళు మా వైపు రావలసిందే.

అప్పుడు మా బిల్డింగు కూడా పోతోంది. ఇది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. 1999 ఆగస్టు 17 తెల్లవారుజామున ఇజ్మిత్ దగ్గర భూమి కదిలినప్పుడు మా పక్క ఫ్లాటు పెద్దావిడ కట్టుబట్టలతో మెట్లు దిగి, కొన్ని రాత్రులు పార్కులోనే పడుకున్నారట. ఆ తర్వాత అందరూ మళ్ళీ అదే గోడల మధ్యకు వెళ్ళి పడుకున్నారు. బలహీనమైన ఇళ్ళను పడగొట్టి కొత్తవి కట్టుకోవడానికి 2012లో చట్టం వచ్చింది. అప్పుడు కూడా మా బిల్డింగులో సగంమందికి సంతకం పెట్టడానికి మనసొప్పలేదు. 2023 ఫిబ్రవరి 6న దేశం ఆగ్నేయ మూలన వచ్చిన భూకంపాల్లో ఒక్క తుర్కియేలోనే 50 వేల మందికి పైగా పోయారు. పడిపోయిన అపార్టుమెంట్లను రాత్రింబగళ్ళు టీవీలో చూశాక, మిగిలినవాళ్ళంతా ఒక్కొక్కరే వచ్చి సంతకాలు పెట్టేశారు. ఆ వేసవి దాటేలోగా అందరూ ఖాళీ చెయ్యాలి. కాబట్టి ఆ మెట్ల మీద కనబడిన ప్రతివాళ్ళూ ఏదో ఒక చోటికి వెళ్ళిపోతున్నవాళ్ళే. అందరికంటే దూరం వెళ్ళేది నేను, అంతే.

ఆ పెద్దావిడను అందరూ తేయ్జే అనేవాళ్ళు. మనం పిన్నీ అన్నట్టే. ముక్కూమొహం తెలియనివాళ్ళను కూడా అన్నా, అక్కా, పిన్నీ, బాబాయ్ అని పిలిచే అలవాటు వాళ్ళకూ మనలాగే ఉంది. అందుకే ఆ భాష పూర్తిగా రాకముందే ఆ వీధిలో నాకు చుట్టాలు ఏర్పడ్డారు. నేను ఊరికి వెళ్ళిపోతున్నానని చెప్పినప్పుడు పిన్ని కళ్ళు తుడుచుకుని, వెంటనే పనిలోకి దిగారు.

"పెట్టెలు తర్వాత సర్దుకోవచ్చు. ముందు అందరి దగ్గరికీ వెళ్ళి హెలాల్ అడిగి రా, అమ్మాయ్" అన్నారు.

దూరప్రయాణం పోయేవాళ్ళు, కొత్త బతుకుకు వెళ్ళేవాళ్ళు, సైన్యంలో చేరేవాళ్ళు, ఆపరేషనుకు వెళ్ళేవాళ్ళు, ఇలా ఎవరు కదిలినా తమ వాళ్ళను కలిసి, నా మీద నీకున్న హక్కు ఏదైనా ఉంటే విడిచిపెట్టు అని అడుగుతారు. తిన్న ఉప్పు, తాగిన టీ, పొరపాటున ఎక్కువ తీసుకున్న చిల్లర, అనకూడని మాట, అన్నీ అందులోకి వస్తాయి. అవతలివాళ్ళు, హెలాల్ ఓల్సున్, విడిచాను అంటారు. నీకు కూడా విడిచాను అని మనం అనాలి. చనిపోయినవాళ్ళ ముందు నిలబడి ఇమాం కూడా చుట్టూ చేరినవాళ్ళను ఇదే అడుగుతాడు, మీ హక్కులు ఇతనికి వదిలేశారా అని. అందరూ ఒక్క గొంతుతో జవాబిస్తారు.

మన ఇళ్ళలో ఋణానుబంధం అనే మాట వింటూ పెరిగినదాన్ని. తీరని ఋణం ఉంటే మళ్ళీ జన్మలో ఏదో రూపంలో కలుసుకుంటామని మా అమ్మమ్మ చెప్పేది. అందులో ఒక ఊరట ఉంది. ఏదీ ఇవాళే తేల్చుకోనక్కర్లేదు. ఇక్కడి పద్ధతిలో ఆ వాయిదా లేదు. ఇద్దరూ బతికి ఉండగా, ఎదురెదురుగా నిలబడి, కళ్ళలోకి చూస్తూ తేల్చుకోవాలి. నాకు మొదట భయం వేసింది. తర్వాత ఆ భయమే నా చివరి రోజులకు ఒక దారి చూపించింది. ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో తెలిసింది.

మొదట సంతకు వెళ్ళాను. కాదికోయ్ సంత రేవు నుంచి నడిచేంత దూరంలో, ఇరుకు వీధుల్లో ఉంటుంది. ఒకచోట కాఫీ గింజలు వేగుతున్న వాసన, పక్కనే ఆలివ్‌ల పీపాలు, ఊరగాయల సీసాలు, ఆ పక్కన చేపలు. చేపల వాళ్ళు మొప్పలను బయటికి తిప్పి, ఎర్రటి పళ్ళేల మీద వరుసగా పేరుస్తారు. మొప్ప ఎంత ఎర్రగా ఉంటే చేప అంత తాజా. మే నెలలో పండ్ల కొట్ల ముందు పచ్చి ఎరిక్ కాయలు గుట్టలుగా పోసి ఉంటాయి. గోలీకాయంత ఉంటాయి, పచ్చగా, కరకరలాడుతూ, నోరు జివ్వుమనేంత పులుపు. ఉప్పు అద్దుకుని తింటారు. పచ్చి మామిడి ముక్కకు ఉప్పూ కారం రాసుకు తిన్న నోటికి దాన్ని ఎవరూ పరిచయం చెయ్యనక్కర్లేదు.

పండ్ల కొట్టు అన్నను హెలాల్ అడిగాను. చెయ్యి గుండె మీద పెట్టుకున్నాడు. హెలాల్ ఓల్సున్ అన్నాడు. మళ్ళీ అదే చేత్తో ఒక దోసెడు ఎరిక్ కాయలు తీసి నా సంచిలో పోశాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. "ఇప్పుడేగా లెక్క తేల్చుకున్నాం, మళ్ళీ మొదలుపెట్టకు" అన్నాడు. కొత్తలో ఆ భాష రానప్పుడు, కాయగూరలు ఒక్కొక్కటి పైకి ఎత్తి చూపించి వాటి పేర్లు చెప్పించింది అతనే. నేను తప్పుగా పలికితే నవ్వేవాడు కాదు. సరిగా వచ్చేదాకా ఓపిగ్గా చెప్పేవాడు. భాష తెలియని మనిషితో అంత మర్యాదగా ఉండటం నేను మన బజార్లలో కూడా చూడాలని కోరుకుంటాను. హైదరాబాద్‌లో తెలుగు రాని కూలీ కుర్రాడు ధర అడిగితే విసుక్కునే గొంతులు ఇప్పుడు వింటున్నప్పుడు అతను గుర్తొస్తాడు.

చేపల అంగట్లో ఆ రోజు లూఫర్ లేదు. అది శరదృతువు చేప. ఎండాకాలమంతా నల్ల సముద్రంలో మేసి, చలి మొదలవగానే బోస్ఫరస్ గుండా మర్మరా సముద్రంలోకి దిగుతుంది. అప్పుడు ఊరు ఊరంతా దాని గురించే మాట్లాడుతుంది. సైజును బట్టి దానికి వేర్వేరు పేర్లు, చిన్నది చినెకోప్, కాస్త పెరిగితే సరికనాత్, ఆ తర్వాత లూఫర్, ఇంకా పెద్దదైతే కోఫానా. వరదనీటికి ఎదురీదుతూ గోదావరిలోకి వచ్చే పులస కోసం మన కోనసీమ వాళ్ళు పడే ఆరాటం తెలిసినదాన్ని కాబట్టి, ఆ మొదటి శరదృతువులోనే ఆ ఊరివాళ్ళు నాకు అర్థమయ్యారు. ఒక చేప రాకను బట్టి కాలాన్ని లెక్కపెట్టుకునే మనుషులతో బతకడం సులువు.

మలుపులో రొట్టెల కొట్టు ఉంది. అక్కడ కొందరు రెండు రొట్టెల డబ్బిచ్చి ఒకటే తీసుకుంటారు. రెండోది కొక్కేనికి తగిలించి ఉంటుంది. చేతిలో డబ్బు లేనివాళ్ళు వచ్చి, తగిలించిన రొట్టె ఉందా అని అడుగుతారు. ఉంటే ఇచ్చేస్తారు. ఇచ్చినవాళ్ళెవరో తీసుకున్నవాళ్ళకు తెలియదు, తీసుకున్నదెవరో ఇచ్చినవాళ్ళకూ తెలియదు. ఇక్కడ హెలాల్ అడగడానికి మనిషే లేడు. నాకు ఆ ఊళ్ళో అన్నిటికంటే నచ్చిన విషయం ఇదే కావచ్చు.

ఆ మర్నాడు ఫెర్రీ ఎక్కాను. పని ఉండి కాదు. కాదికోయ్ నుంచి ఎమినోనుకు ఇరవై నిమిషాల ప్రయాణం. ఆ ఇరవై నిమిషాల్లో మనిషి ఒక ఖండం నుంచి మరో ఖండానికి వెళతాడు. 1851లో ఒక ఆవిరిపడవల కంపెనీ పెట్టినప్పటినుంచీ ఈ ఊరి రోజువారీ జీవితం ఈ పడవల మీదే నడుస్తోంది. సముద్రం కింద రైలు వచ్చింది 2013లో. నాలుగు నిమిషాల్లో అటు చేరుస్తుంది. ఆఫీసుకు ఆలస్యమైన రోజుల్లో నేనూ అందులోనే వెళ్ళాను. కానీ ఆ సొరంగంలో అందరూ ఫోన్లలోకి చూసుకుంటూ ఉంటారు. పడవ మీద అలా కుదరదు. సముద్రపు కాకులు వెంటపడతాయి. ఎవరో ఒకరు నువ్వులద్దిన సిమిత్ రొట్టెను తుంచి గాలిలోకి విసురుతారు, అది కింద పడకముందే ఒక ముక్కు అందుకుంటుంది. పళ్ళెంలో టీ గ్లాసులు పెట్టుకుని ఒక కుర్రాడు ఊగే పడవలో ఒక్క చుక్క ఒలకనివ్వకుండా బల్లల మధ్య తిరుగుతాడు. గ్లాసు నడుము సన్నగా, పైన విచ్చుకుని ఉంటుంది. రిజే కొండల్లో పండిన ఆకు, పాలు లేవు, రెండు చక్కెర ముక్కలు. పాలూ మీగడా లేని టీని మొదట్లో టీ అని ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. ఇప్పుడు హైదరాబాద్‌లో ఇరానీ చాయ్ తాగుతున్నప్పుడు కూడా గ్లాసులోంచి అవతలివైపు కనబడాలని చూస్తాను.

ఆ రోజు పడవలో నా ఎదుట కూర్చున్న ఒక పెద్దాయన, నేను కిటికీలోంచి చూస్తున్న తీరును గమనించి, "మొదటిసారా, చివరిసారా?" అని అడిగాడు. చివరిసారి అన్నాను. మరేమీ అడగలేదు. టీ కుర్రాణ్ణి పిలిచి, నాకు ఒక గ్లాసు ఇమ్మని చెప్పి, పడవ ఆగగానే దిగి వెళ్ళిపోయాడు.

అయాసోఫియాకు వెళ్ళలేదు. ఆ గుమ్మటం కింద నిలబడి బిత్తరపోవాలి, ఎవరైనా పోవలసిందే. కానీ అక్కడ నాకు ఎవరితోనూ బాకీ లేదు. కొండెక్కి సులేమానియేకు వెళ్ళాను. 1557లో సినాన్ అనే వాస్తుశిల్పి కట్టి ముగించిన మసీదు. లోపల వేల దీపాలు వెలిగే రోజుల్లో, వాటి మసి గోడలకు పట్టకుండా గాలిని ఒకవైపుకు మళ్ళించి, తలుపు పైన చిన్న గదిలో చేరేలా కట్టాడని, ఆ మసిని పోగుచేసి సిరా తయారు చేసేవాళ్ళని చెబుతారు. మసీదు కట్టించిన సుల్తాను సమాధి లోపలి తోటలో ఘనంగా ఉంటుంది. సినాన్‌ది ప్రహరీ బయట, రెండు వీధులు కలిసే మూలన, తెల్లరాతి గుమ్మటం కింద చాలా చిన్నగా ఉంటుంది. అతను 1588లో పోయాడు. అంత పెద్ద ఊరిని కొండల మీద మలిచినవాడు తనకోసం వీధి మూల చాలనుకున్నాడు. ఆ మూల దగ్గర నిలబడి నేను కూడా నా మాట చెప్పుకున్నాను. ఉద్యోగంలో బాగా నలిగిపోయిన ఒక ఏడాది చలికాలంలో ప్రతి శనివారం ఆ మసీదు వాకిట్లో కూర్చునేదాన్ని. ఎవరూ ఎందుకొచ్చావని అడగలేదు, లేవమనలేదు. దాని ఎదుటి వరుస కొట్లలో మట్టి మూకుడులో ఉడికించిన తెల్ల బీన్స్ కూర, వెన్న వేసిన అన్నం, ఊరగాయ పెడతారు. అన్నం కోసం తపించే ఆంధ్రా కడుపును ఆ ఊళ్ళో నిలబెట్టినవి ఆ కొట్లే.

ఒక ఆదివారం బోస్ఫరస్ పొడవునా నల్ల సముద్రం ముఖం దాకా వెళ్ళే పెద్ద పడవ ఎక్కాను. ఈ జలసంధి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. అత్యంత ఇరుకైన చోట రెండు ఒడ్ల మధ్య ఏడు వందల మీటర్లే. 1452లో రెండో మెహ్మెత్ రుమేలి కోట కట్టించింది అక్కడే, ఆ మరుసటి ఏడే ఊరు అతని చేతికి వచ్చింది. కోట బురుజుల మధ్య ఎర్గువాన్‌లు అప్పటికే సగం రాలిపోయాయి. కాన్లిజా రేవులో పడవ ఆగినప్పుడు గడ్డపెరుగు మీద చక్కెర పొడి చల్లి అమ్ముతారు. ప్రయాణానికి ముందు పెరుగు తినిపించి పంపే ఇంట్లో పెరిగినదాన్ని. కాబట్టి ఆ కప్పు ఖాళీ చెయ్యకుండా లేవలేదు.

ఈ నీళ్ళ గురించి ఒకటి చెప్పాలి. పైకి చూస్తే బోస్ఫరస్ దక్షిణానికి, నల్ల సముద్రం నుంచి మర్మరా వైపు పారుతుంది. డాన్యూబ్ లాంటి పెద్ద నదులు నల్ల సముద్రంలో కలుస్తాయి కాబట్టి ఆ నీళ్ళలో ఉప్పు తక్కువ, బరువూ తక్కువ. మర్మరా నీళ్ళలో ఉప్పు ఎక్కువ. అవి బరువుకి అడుగుకు దిగి, పై ప్రవాహానికి ఎదురుగా ఉత్తరానికి పారతాయి. ఒకే దారిలో పైన ఒకవైపు, కింద మరోవైపు. బెస్తవాళ్ళకు ఇది ముందునుంచే తెలుసు. 1679లో ఇస్తాంబుల్ వచ్చిన మార్సిలీ అనే ఇటలీ కుర్రవాడు బరువు కట్టిన తాడును నీళ్ళలోకి దించి, అది ఏ లోతులో ఎటు వంగుతుందో చూసి నిరూపించాడు. నాలోనూ అంతే. ఇంటికి వెళ్ళిపోవాలన్న తొందర, అమ్మ ఒంటరిగా ఉందన్న దిగులు పైన స్పష్టంగానే ఉన్నాయి. నేను ఆ రోజు రేలింగు పట్టుకుని నిలబడి ఆలోచించింది అడుగు సంగతి.

తిరుగు ప్రయాణంలో ఉస్కుదార్ వైపు దిగి, కుజ్‌గున్‌జుక్ వీధుల్లో నడిచాను. అక్కడ ఆర్మీనియన్ చర్చి, మసీదు పక్కపక్కనే ఉంటాయి. కొంచెం ముందుకెళితే గ్రీకుల చర్చి, యూదుల ప్రార్థనాలయం. ఫొటోలు తీసుకునేవాళ్ళు చాలామంది. వీటిలోకి వెళ్ళవలసిన జనం ఎక్కడికి పోయారని మాత్రం అడగాలి. 1964లో సైప్రస్ గొడవ ముదిరినప్పుడు, గ్రీసు పౌరసత్వం ఉన్న ఇస్తాంబుల్ గ్రీకులను ప్రభుత్వం దేశం నుంచి పంపేసింది. చాలామంది అక్కడే పుట్టినవాళ్ళు. తీసుకెళ్ళనిచ్చింది మనిషికి 20 కిలోల సామాను, 20 డాలర్ల సొమ్ము. వాళ్ళతో పాటు భార్యలూ, భర్తలూ, పిల్లలూ కదిలిపోయారు. ఎవరి హక్కులు ఎవరు విడిచిపెట్టారు? ఎవరి ఇంటి గిన్నె ఎవరి వంటింట్లో మిగిలిపోయింది? ఆ ఇళ్ళకు ఇప్పుడు అందమైన రంగులు వేసి ఉన్నాయి, కింద కాఫీ కొట్లు ఉన్నాయి. అక్కడ టీ తాగడానికి నాకు మనసు రాలేదు.

ఆ కొండ పైన బాగ్లర్‌బాషీలో అబ్దుల్ మెజీద్ భవనం ఉంది. ఆఖరి ఖలీఫా ఆయన. బొమ్మలు వేసేవాడు, సంగీతం తెలిసినవాడు. హైదరాబాద్ మనిషికి ఆ గేటు ముందు ఆగకుండా వెళ్ళడం సాధ్యం కాదు. 1924 మార్చి 3న ఖలీఫా పదవిని రద్దు చేశారు. ఉస్మానీ వంశం మొత్తం దేశం విడిచిపోవాలని చట్టం చేశారు. మర్నాడు తెల్లవారకముందే ఆయన్ను కుటుంబంతో సహా దోల్మాబాచే భవనం నుంచి కార్లలో తీసుకెళ్ళారు. ఊళ్ళోని స్టేషన్లో జనం చేరతారని, దూరంగా చతాల్జా అనే చిన్న స్టేషన్లో రైలెక్కించారు. అక్కడి స్టేషన్ మాస్టరు, ఒక యూదుడు, వాళ్ళను తన ఇంట్లో కూర్చోబెట్టి టీ ఇచ్చాడని చెప్పుకుంటారు. కూతురు దుర్రె షెహ్వార్‌కు అప్పుడు పదేళ్ళు. ఏడేళ్ళ తర్వాత, 1931లో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఆమెకు మన నిజాం పెద్ద కొడుకు ఆజం జాతో పెళ్ళయింది. అదే వంశపు నిలోఫర్‌కు రెండో కొడుకు మొఅజ్జం జాతో. నిలోఫర్ పుట్టింది గోజ్‌తెపేలో. అది మా కాదికోయ్‌లోదే. నేను కూరగాయలకు వెళ్ళే దారి.

పురానీ హవేలీలోని దుర్రె షెహ్వార్ ఆస్పత్రి, రెడ్‌హిల్స్‌లోని నిలోఫర్ ఆస్పత్రి, ఈ రెండు పేర్లూ హైదరాబాద్‌లో ఆటో డ్రైవర్ల నోళ్ళలో రోజూ నలుగుతాయి. నిలోఫర్ దగ్గర పనిచేసే అమ్మాయి కాన్పులో చనిపోయింది. ఆ దుఃఖంలోంచి ఆమె పూనుకుని తల్లులకూ పిల్లలకూ ఆస్పత్రి కట్టించింది. అయితే ఈ ఆడవాళ్ళు తమ ఊరికి వీడ్కోలు చెప్పుకోలేదు. చెప్పుకోనివ్వలేదు. వంశంలోని ఆడవాళ్ళకు తిరిగి రావడానికి అనుమతి వచ్చింది 1952లో, మగవాళ్ళకు 1974లో. అబ్దుల్ మెజీద్ 1944లో పారిస్‌లో పోతే, తండ్రిని ఇస్తాంబుల్ మట్టిలో పూడ్చాలని దుర్రె షెహ్వార్ ఎంత తిరిగినా ఒప్పుకోలేదు. దాదాపు పదేళ్ళు పారిస్ మసీదులో ఉంచిన శరీరాన్ని చివరికి మదీనాకు తీసుకెళ్ళారు.

ఆ గేటు ముందు నా దుఃఖం గురించి నాకు ఒక సంగతి తేటపడింది. నన్ను ఎవరూ పంపడం లేదు. ఏడవడానికి, నడవడానికి, ఒక్కొక్కరి చెయ్యీ పట్టుకుని చెప్పడానికి నాకు వారాల తరబడి సమయం ఇచ్చారు. ఈ ఊరిని ప్రేమించినవాళ్ళలో ఎంతోమందికి ఒక్క తెల్లవారుజాము కూడా దొరకలేదు.

చివరి రోజు సాయంత్రం బిల్డింగువాళ్ళంతా పిన్ని ఇంట్లో చేరారు. ముందు అందరి దోసిళ్ళలో నిమ్మ కొలోన్ పోశారు, అక్కడ ఏ ఇంటికి వెళ్ళినా అదే మొదటి మర్యాద. పిన్ని ద్రాక్షాకుల్లో అన్నం చుట్టిన సర్మా చేశారు. నేను పులిహోర చేశాను. వాళ్ళకు అది బాగా అలవాటు. మొదటి ఏడాది ఒక స్టీలు గిన్నెలో పులిహోర పంపితే, ఆ గిన్నె అషూరే నిండుగా తిరిగొచ్చింది. గోధుమలు, శనగలు, ఎండుద్రాక్ష, అంజీరు కలిపి వండే తియ్యటి పాయసం, మొహర్రం నెలలో వాడవాడంతా పంచుతారు. ఖాళీ గిన్నె తిరిగి పంపకూడదని వాళ్ళ ఇళ్ళలో కూడా నేర్పుతారు. ఆ తర్వాత ఆ గిన్నె మా రెండు తలుపుల మధ్య ఎన్నేళ్ళో ఒక్కసారి కూడా ఖాళీగా తిరగలేదు. ఆ రాత్రి నేను దాన్ని సర్మాతో పాటు అక్కడే వదిలేశాను.

పిన్నిని హెలాల్ అడిగే వంతు అందరికంటే ఆఖరున వచ్చింది. నేను మాట పూర్తి చెయ్యలేకపోయాను. ఆవిడే, "విడిచాను, విడిచాను, తల్లిపాలంత హెలాల్" అని నా తల పట్టుకుని రెండు చెంపల మీదా ముద్దు పెట్టుకున్నారు. తర్వాత ఆవిడ అడిగారు. నేను ఆవిడ చెయ్యి కళ్ళకద్దుకున్నాను.

తెల్లవారి కారు కదులుతుంటే, పిన్ని చెంబులాంటి పాత్రతో గేటు దాకా వచ్చి, వెనక నీళ్ళు పారబోశారు. నీళ్ళలా అడ్డులేకుండా వెళ్ళి నీళ్ళలా తిరిగి రావాలని అలా పోస్తారు. మా నాన్న పొలానికి వెళ్ళేటప్పుడు అమ్మ ఎవరినీ వెనక నుంచి పిలవనిచ్చేది కాదు, ఎదురు వచ్చేవాళ్ళను చూసి శకునం చూసుకునేది. ఇక్కడ వెళ్ళేవాళ్ళ వెనకాలే అందరూ నిలబడి, గట్టిగా మాట్లాడుతూ, నీళ్ళు చల్లుతూ పంపుతారు. అద్దంలోంచి చూస్తే నాలుగో అంతస్తు కుర్రాడు ఇంకో బకెట్ తెస్తున్నాడు.

ఆగస్టులో మా బిల్డింగు పడగొట్టారు. పిన్ని అంకారాలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. ఫోనులో మాట్లాడుతూ ఒకరోజు, మీ ఊళ్ళో మా రాకుమారి ఆస్పత్రి నిజంగానే ఉందా, చూపించు అన్నారు. మర్నాడే రెడ్‌హిల్స్ వెళ్ళి, నిలోఫర్ ఆస్పత్రి గేటు, లోపలికి బయటికి తిరిగే జనం, చంకలో పిల్లలతో ఆకుపచ్చ చీటీలు పట్టుకున్న తల్లులు, అన్నీ ఫొటోలు తీసి పంపాను. ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న పేరు ఆవిడ చదవగలిగారు. వెంటనే ఫోను చేశారు.

"అక్కడ రోజూ పిల్లలు పుడతారా?"

"రోజూ పుడతారు, పిన్నీ. మా చెల్లెలి కొడుకు అక్కడే పుట్టాడు."

"వాడి పేరేమిటి? సరిగ్గా పలకడం నేర్పు" అన్నారు. నేర్పాను. సరిగా వచ్చేదాకా.